మూడో పేరు దగ్గర

లాండుడ్నోలో సముద్రం మీదికి చాచిన చెక్కవంతెన చివర
నూట ఎనభై కుర్చీల హాలు మాది.
మైకులూ మీటలూ నా పని.
ఇరవై రెండేళ్లుగా
ఎవరి గొంతులో ఎవరు అద్దెకుంటున్నారో
మీటరు ముల్లు చూసి చెప్పగలను.

ఆ శనివారం మూడో వరసలో
మెడకు ఉన్ని మఫ్లర్, ఒళ్లో నోట్‌బుక్కు, చెవి మీద పెన్సిలు,
హెడ్లీ ట్రబ్‌షా.
ముప్ఫై ఏళ్లు రేడియోలో ఫుట్‌బాల్ ఫలితాలు చదివినాయన.
మొదటి జట్టు పేరు, దాని అంకె,
ఆపైన రెండో జట్టు పేరు. అంతే,
అంకె రాకముందే తెలిసిపోయేది:
పేరు వాలితే ఓటమి,
తేలితే గెలుపు,
ఎటూ కదలకపోతే సమానం.
మా నాన్న పందెం చీటీ చించే చప్పుడు
ఆ అంకె కంటే ముందే వినిపించేది.

వేసవిలో డాక్టర్లు ఆయన స్వరపేటిక తీసేశారు.
టైపు చేస్తే మాట్లాడే యంత్రం ఇస్తారట,
దానికి ఎవరిదో ఒక గొంతు కావాలి.
పాత టేపులంటారా,
ఖర్చు మిగులుతుందని వాటి మీదే
వంటల కార్యక్రమాలు రికార్డు చేసేశారు స్టేషన్ వాళ్లు.
అందుకని ముగ్గురు మిమిక్రీ వాళ్లకు ఉత్తరం రాశాడు,
"నా గొంతు మీ దగ్గరేమైనా మిగిలుందా?"
సొంత సొమ్మే,
అడిగింది మాత్రం అరువడిగినట్టు.

ముందు ఎమ్రిస్ పగ్.
అచ్చు గుద్దినట్టు. వెంట్రుకవాసి తేడా లేదు.
కళ్లు మూసుకుంటే మా వంటింటి రేడియో వాసన,
వేడెక్కిన దుమ్మూ, ఉడికే బంగాళాదుంపలూ.
ట్రబ్‌షా చెయ్యి దానంతట అదే మఫ్లర్ కిందికి పోయింది,
దొంగపడ్డ చప్పుడు విన్నవాడు తాళం తడుముకున్నట్టు.
కానీ "టీలో చక్కెర వద్దు" అనమంటే
పాపం ఎమ్రిస్,
చక్కెర రెండు గోల్స్ తేడాతో ఓడినట్టు చదివాడు.

తర్వాత గ్వెండా రోస్కో.
ఆవిడకు పోలిక అక్కర్లేదు, ఒక వంకర దొరికితే చాలు.
"సున్నా" అనే ముందు ఆయన ముక్కుతో తీసే చిన్న గాలిని
పట్టుకుని సాగదీసి సాగదీసి
ఈ చివరినుంచి ఆ చివరికి బట్టలారేసింది.
హాలు దద్దరిల్లింది.
ఆయనా నవ్వాడు. చప్పుడు లేదు, భుజాలే.
ఎమ్రిస్‌ది ఫొటో, గ్వెండాది కార్టూన్ అని
ఇన్నేళ్లూ తేలిగ్గా అనేసేవాణ్ణి.
కార్టూన్‌లోనే ఆ మనిషి తన మొహం గుర్తుపట్టాడు.

మూడోవాడు ఇద్వల్. పందొమ్మిదేళ్లు,
చేపల వేపుడు కొట్టు నుంచి నేరుగా వచ్చాడు, చేతులింకా నూనె వాసన.
ట్రబ్‌షాను వీడెప్పుడూ వినలేదు.
వాళ్ల తాత ట్రబ్‌షాను అనుకరిస్తుంటే విన్నాడు,
అంటే నకలుకు నకలు.
పోలిక లేదు, గరగర.
జాలిపడి బేస్ కొంచెం పెంచాను, లాభం లేకపోయింది.
కానీ ఓడిన జట్టు పేరు ముందు
వాడు ఒక్క గుక్క ఆగాడు,
చెడుకబురు మోసుకొచ్చినవాడు
గుమ్మంలో గొడుగు ముడుస్తూ ఆలస్యం చేసినట్టు.
ట్రబ్‌షా ఏదో రాసుకున్నాడు. కొట్టేశాడు.

లైట్లు వెలిగాక వెళ్లి అడిగాను, ఎవరని.
రాసి చూపించాడు:
బ్యాంకు వాళ్లతో మాట్లాడ్డానికి పగ్.
మా చెల్లెలితో పోట్లాడ్డానికి రోస్కో.
మరి కుర్రాడు? అన్నాను.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
కోటు తొడుక్కున్నాడు.

ఊడుస్తుంటే కుర్చీ కింద దొరికింది,
టిక్కెట్టు వెనక ఆయన దస్తూరీ:
పగ్ 1
రోస్కో 1
ఇద్వల్
ఆ పేరు పక్కన అంకె లేదు.
పెన్సిలుకు రాగం ఉండదు,
ఎంతసేపు చూసినా ఏం తెలుస్తుంది?

మైకు ఆపలేదన్న సంగతి మరిచిపోయి
పైకి చదివాను.
ఖాళీ కుర్చీల మీదుగా, చెక్కల కింద సముద్రం మీదుగా
నా గొంతే, ఎవరూ ఎన్నడూ అనుకరించనిది,
మూడో పేరు దగ్గర ఒక్క గుక్క ఆగి
నన్నడక్కుండానే
తేలింది.